సన్మాన పత్రంలో రేవు దారి

జూన్ 11

ఈ డైరీ నిరుటిది. ప్రకాష్ బావ ఎరువుల కొట్లో అడిగి తెచ్చిచ్చాడు. వారాలు కలవవు, తేదీలు కలుస్తాయి. నేను తప్ప చదివేవాళ్ళు లేరు కాబట్టి చాలు.

ఇవాళ భవానీదేవి మేడమ్ క్లాసులో ఒక మాట చెప్పారు: ఔదార్యం. రాజోలు నుంచి బస్సులో కూర్చున్నంతసేపూ దాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. నోరు పూర్తిగా తెరిస్తే గాని పలకదు. ఎంత పిసినారివాడైనా ఈ మాట అనాలంటే నోరంతా తెరవాల్సిందే. ఇది మేడమ్ చెప్పలేదు, నేనే అనుకున్నాను. బాగుందనిపించి రాసుకుంటున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాన్న వలలు అరుగు మీద పోసుకుని కూర్చున్నాడు. వేటకి వెళ్ళలేదట. వెంకటకృష్ణ గారు తమ రొయ్యల చెరువు గట్టు మీద ఇనప గేటు పెట్టించారు. గోదావరి రేవుకి మా పేట వాళ్ళందరూ నడిచే దారి ఆ గట్టే. అక్కడ కొబ్బరితోట ఉన్నప్పుడు తోట అంచున నడిచేవాళ్ళం. తోట కొట్టేసి చెరువులు తవ్వాక గట్టు మీద నడిచాం. ఇప్పుడు తాళం. బయటివాళ్ళ కాళ్ళతో చెరువులోకి జబ్బు వస్తుందట.

నాన్న కాళ్ళు ఎప్పుడు బయటివాళ్ళ కాళ్ళయ్యాయో.

జూన్ 12

పేటలో అందరిదీ ఒకటే మాట: "దారి పోయిందండి." దారి తనంతట తాను చెప్పులేసుకుని ఎటో వెళ్ళిపోయినట్టు. ఎవరు తీసేశారన్నది ఎవరి నోటా రావడం లేదు. నేనూ అమ్మతో "దారి పోయిందటగా" అనే అన్నాను. అన్నాక గమనించాను.

జూన్ 14

నాన్న వెంకటకృష్ణ గారి ఇంటికి వెళుతుంటే నేనూ వెళ్ళాను. "నువ్వుంటే నాకు కాస్త మాటొస్తాది" అన్నాడు. చెప్పులు గేటు బయట విప్పాడు. నేనూ విప్పాను. ఆయన వరండాలో ఉయ్యాలబల్ల మీద ఉన్నారు. మేం మెట్ల కింద.

"ఏరా తాతబ్బాయ్, ఏటి సంగతి?"

"ఏవుందండి బాబుగారూ, తమరి దయండి."

"ఇది నీ కూతురా? ఏం చదువుతుంది?"

"డిగ్రీ అండి. తెలుగండి. ఆయ్."

"తెలుగా! ఈ రోజుల్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరున్నార్రా? చదివించు, చదివించు. ఆడపిల్లని ఇంతవరకూ తెచ్చేవంటే గొప్పోడివే."

"ఆయ్. వలలు ఊరికే ఎండిపోతన్నాయండి."

"ఎండలు అలా ఉన్నాయిరా మరి."

"మరేనండి. చిత్తమండి."

అంతే. తిరిగి వచ్చేశాం. దారిలో అడిగాను: "నాన్నా, గేటు సంగతి ఎత్తలేదేం?"

"ఎత్తేను కదమ్మా."

"ఎప్పుడు?"

"వలలు ఎండిపోతన్నాయన్నాను కదా. ఆయనకి తెలీదేటి?"

ఆలోచిస్తే, నాన్న ఆయన ఎదుట అడగడం నేనెప్పుడూ వినలేదు. పరిస్థితి ఒకటి చెప్పి, పక్కన 'ఆయ్' పెట్టి, ఊరుకుంటాడు. మిగిలింది ఆయన తలుచుకోవాలి. ఆయన తలుచుకోకపోతే, మనం అడగనట్టే.

జూన్ 16

నాన్న, ప్రకాష్ బావ పడవని సఖినేటిపల్లి రేవులో కట్టారు. జనాన్ని ఏరు దాటించే పంటు తిరిగే చోటు. అక్కడివాళ్ళు ఊరుకోలేదు. తాడు విప్పి వదిలేశారట. పడవ కిందకి కొట్టుకుపోయి లంక దగ్గర తుమ్మల్లో ఆగింది. వలలు నెత్తిన పెట్టుకుని ఎండలో అంత దూరం నడిచి రావడం. నాన్న మెడ కందిపోయింది.

ప్రకాష్ బావ వాళ్ళమ్మ, మా అత్త, అంటుంది, పైనుంచి ఎర్రనీరు దిగేలోగా గేటు తియ్యకపోతే ఈ ఏడు పులస చేప మనకి కాదని. వరదనీళ్ళు ఎర్రబడిన ఆ కొద్ది రోజులే పేటకి ఏడాదంతటికీ ఆదరువు.

ఆదరువు. ఈ మాట కూడా బాగుంటుంది.

జూన్ 20

నమ్మలేకపోతున్నాను.

తాతారావు గారు మా ఇంటికి వచ్చారు. వెంకటకృష్ణ గారి చెరువుల వ్యవహారాలన్నీ చూసేది ఆయనే. అమ్మ కంగారుగా కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోకుండానే నాతో మాట్లాడారు.

"బాబుగారికి అరవై నిండుతున్నాయండి. కల్యాణమండపంలో సన్మానం పెడుతున్నాం. సన్మాన పత్రం మీరు రాయాలండి. భవానీదేవి గారు మీ పేరే చెప్పేరు. చదవడం కూడా మీరే, ఆయ్."

మీరు! అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరన్నా ఉన్నారేమోనని.

జూన్ 21

మేడమ్ పాత సన్మాన పత్రాలు కొన్ని చూపించారు. బంగారు రంగు అంచు, చుట్టూ లతలు, అద్దం కట్టించి ఇస్తారు. ప్రతి పేరా ఒక పిలుపుతో మొదలవుతుంది: ఓ వదాన్యా! ఓ సౌజన్యమూర్తీ! పేర్లు తీసేస్తే అన్నీ ఒకే మనిషి గురించి రాసినట్టున్నాయి. ఆ మనిషికి కోపం రాదు, ఆకలి వెయ్యదు, ఎవరితోనూ తగాదా లేదు. చెయ్యి ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది.

"ఇందులో నిజం ఎంత మేడమ్?" అన్నాను.

"నిజం కోసం కాదమ్మా ఇది. గౌరవం కోసం. మాట నిండుగా ఉండాలి, అంతే" అన్నారు.

రెండు పేరాలు రాశాను. 'వదాన్యుడు' అన్న మాట రాయడానికి నా పెన్ను ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూస్తున్నట్టుంది.

ప్రకాష్ బావ వచ్చి తొంగిచూశాడు. "ఏవే పండితురాలా, గేటుకి తాళం ఎవడేసేడో కూడా రాత్తన్నావా అందులో?"

రాస్తూనే ఉన్నాను. వాడికి భాష తెలియదు.

జూన్ 23

వాడే నాకు దారి చూపించాడు.

తాళం వేశాడని రాయకూడదు. తీశాడని రాయాలి! ఇచ్చాడని రాయాలి. ఊళ్ళో పెద్దలందరి ముందూ, మైకులో, "పల్లెవారికి రేవు దారి ఇచ్చిన దాత" అని చదివేస్తే, ఆయన లేచి 'లేదు, ఇవ్వలేదు' అంటారా? అనలేరు. అంతమంది చప్పట్లు కొట్టాక ఇవ్వక తప్పదు. నాన్న ఒక పరిస్థితి చెప్పి ఊరుకుంటాడు. నేను జరిగిపోయిందని చెప్పి ఊరుకుంటాను. మాటకి అంత బలం ఉంది. లేకపోతే ఎందుకు చదువుతున్నట్టు?

నాన్నకి చెప్పాను. వల కుట్టుకుంటూనే విన్నాడు.

"ఇవ్వకుండా ఇచ్చేరంటే బాగుంటాదామ్మా?"

"ఇచ్చేస్తారు నాన్నా. అనేశాక ఇవ్వాలి కదా."

"ఆయనకి కోపం వత్తే?"

"పొగిడితే కోపం ఎందుకొస్తుంది?"

నాన్న ముఖంలో వెలుగు వచ్చింది. ఎన్నాళ్ళయిందో. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి అంది: "తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకలాగే అడుగుతారు."

అమ్మకి అర్థం కాలేదు. నాన్న అడగడంలా కాదు ఇది.

జూన్ 25

నేను రాసింది: "తరతరాలుగా వలలు మోసిన భుజాలకు రేవు దారిని తిరిగి ఇచ్చిన మీ ఔదార్యం..."

మేడమ్ కళ్ళజోడు తీసి చూశారు. "తిరిగి ఇచ్చిన ఏమిటమ్మా? తీసుకున్నారనే గదా అర్థం! సన్మాన పత్రంలో అలాంటిది ఉండకూడదు. ప్రసాదించిన అను." ఆవిడే దిద్దారు. ఇంకా, భుజాలు కూడా వద్దన్నారు, మోటుగా ఉందని. ఇప్పుడిలా ఉంది:

"మత్స్యకార సోదరులకు రేవు మార్గాన్ని ప్రసాదించిన కరుణామూర్తీ!"

మొదటిదే బాగుందనిపించింది. కానీ ఇది చదువుతుంటే గొంతు లేస్తుంది. మేడమ్‌కి అసలు సంగతి చెప్పలేదు. దారి నిజంగానే ఇచ్చారనుకుని మురిసిపోయారు. "ఎంత మంచివారమ్మా" అన్నారు.

జూన్ 28

తాతారావు గారు పత్రం పట్టుకెళ్ళి, బాబుగారికి చూపించి, తిరిగి తెచ్చారు. ఒక్క మాట కొట్టెయ్యలేదు! ఆ వాక్యం అలాగే ఉంది. చదివారు, చూశారు, ఉంచారు. అంటే ఒప్పుకున్నట్టే కదా.

"బాబుగారు ఏమన్నారండి?" అన్నాను.

"చాలా బాగా రాసిందన్నారండి. అక్కడ కాస్త ఆగి చదవమన్నారు."

"ఎక్కడండి?"

"ఆ రేవు మార్గం దగ్గర."

నాన్న పేటంతా తిరిగి చెప్పేశాడు. అత్త పాత వల కూడా బయటికి తీసింది, బాగు చెయ్యడానికి.

జూలై 4

రాయాల్సింది చాలా ఉంది. మెల్లగా రాస్తాను.

మండపం నిండిపోయింది. మా పేట వాళ్ళు వెనక గోడ వారన నిలబడ్డారు. అమ్మ పెట్టెలోంచి తీసి ఇచ్చిన పట్టుచీర కట్టుకున్నాను. వేదిక మీద వెంకటకృష్ణ గారు ఎత్తు కుర్చీలో, మెడనిండా దండలతో. మైకు సరిచేసుకుని మొదలుపెట్టాను. మొదటి పేరాకే సద్దు మణిగింది. నేను పలికిన ప్రతి మాటా గోడకి తగిలి పెద్దదై నా దగ్గరికి తిరిగి వస్తోంది. అది నా గొంతేనా అనిపించింది. మాటలు అంత అందంగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

రేవు మార్గం దగ్గర ఆగాను. ఆగమన్నంతసేపూ ఆగాను.

వెనక గోడ దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. అక్కడి నుంచి ముందుకి పాకాయి. ఎవరో ఈల వేశారు. నాన్న రెండు చేతులూ నెత్తిమీదకెత్తి కొడుతున్నాడు. వెంకటకృష్ణ గారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు.

తరవాత ఆయన మాట్లాడారు. "ఇచ్చినదాన్ని ఇచ్చేనని మనం చెప్పుకోకూడదండి. పిల్లలు చెప్పేరు. అది చాలు నాకు." మళ్ళీ చప్పట్లు. "ఇలాంటి బిడ్డని కన్న తాతబ్బాయి గారు ఎక్కడండి? తాతబ్బాయి గారూ, ఒక్కసారి పైకి రండి."

నాన్న పక్కకి చూశాడు, వెనక్కి చూశాడు. ప్రకాష్ బావ వీపు మీద చెయ్యి వేసి తొయ్యాల్సి వచ్చింది. చెప్పులు కింద వదిలి మెట్లెక్కాడు. ఆయన తన భుజాల మీది శాలువా తీసి నాన్నకి కప్పారు. ఫొటో తీశారు. అందులో నాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా భుజం పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక నాన్న శాలువా తియ్యకుండానే అమ్మతో అన్నాడు: "మైకులో అన్నాడే సూర్యకుమారీ! గారు అన్నాడు. అందరూ ఇన్నారు."

"అన్నం తినండి గారూ, సల్లారిపోతంది" అంది అమ్మ. నవ్వింది కూడా.

నేను గెలిచాను. ఇది నేను మాత్రమే చదివే డైరీ కాబట్టి రాసుకోవచ్చు. నా మాటలు గెలిచాయి.

జూలై 5

గేటు తియ్యలేదు. తాళంచెవి తాతారావు గారి దగ్గరుందట, ఆయన ఊళ్ళో లేరట. సన్మానం మర్నాడు అందరూ అలసిపోయి ఉంటారు.

జూలై 6

లేదు.

జూలై 7

కాపలావాడు "నాకెవరూ చెప్పలేదండి" అన్నాడట. చెప్పడం మరిచిపోయుంటారు.

జూలై 9

ఎర్రనీరు దిగింది. పొద్దున్న గట్టు ఇవతల నుంచి చూశాం. గోదావరి అంతా ఇటుకపొడి కలిపినట్టుంది. అవతల నరసాపురం వాళ్ళ పడవలు తిరుగుతున్నాయి.

నాన్న శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి బయలుదేరాడు. నేనూ వెళ్ళాను. వెంకటకృష్ణ గారు ఉయ్యాలబల్ల మీదే ఉన్నారు. గోడకి పత్రం, అద్దంలో, బంగారు అంచుతో. నా అక్షరాల మీద ట్యూబులైటు మెరుస్తోంది.

"ఏరా తాతబ్బాయ్!"

"ఆయ్. ఎర్రనీరు దిగిందండి బాబుగారూ."

"విన్నానురా."

నాన్న ఊరుకున్నాడు. నేను ఆగలేకపోయాను. "గేటు తీయించండి బాబుగారూ. మీరు దారి ఇచ్చారు కదండి" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. మెత్తగా నవ్వారు. "ఇచ్చేను కదమ్మా. అంత సభలో నువ్వే చదివేవు కదా, ఎంత బాగా చదివేవు! మళ్ళీ వచ్చి ఇమ్మంటే జనం ఏమనుకుంటారు? నీ మాట అబద్ధవనుకోరూ? నాకు పరవాలేదు, నీ గురించి చెప్తున్నాను." నాన్న వైపు తిరిగారు. "చెరువులో రొయ్యల పట్టుబడి అవ్వనియ్యరా. జబ్బు భయం పోయాక చూద్దాం."

"చిత్తమండి" అన్నాడు నాన్న.

రొయ్యలు పట్టేది వరద తగ్గాకే. అప్పటికి పులస ఉండదు.

జూలై 10

వాక్యం తిరగేసి మరగేసి చూశాను. ఎక్కడ తప్పు రాశాను? ఎక్కడా తప్పు లేదు. మాట బాగా కుదిరింది. అంత బాగా కుదరడం వల్ల, దాని కింద నిజంగా దారి ఉండాల్సిన అవసరమే లేకుండా పోయింది.

కాదు. ఆయన మనసు మారుతుంది. మంచివాళ్ళే.

జూలై 15

ప్రకాష్ బావ సోమవారం అర్జీ పెట్టడానికి మండలాఫీసుకి వెళుతున్నాడు. రాసిస్తానన్నాను.

"నీ రాతొద్దే తల్లీ" అన్నాడు. "నీ రాతకి దణ్ణం. నా వంకర అచ్చరాలు నేను రాసుకుంటాను."

అర్జీ ఏం రాశాడో చూపించాడు. ఒక్కటే వాక్యం. "వెంకటకృష్ణ గారు మా రేవు దారికి గేటు పెట్టి తాళం వేశారు, తీయించగలరు." రెండుసార్లు చదివాను. మా పేటలో ఎవరూ ఇన్నాళ్ళూ ఈ వాక్యం అనలేదు. నేను కూడా.

జూలై 26

విచారణకి ఆఫీసరు గారు వచ్చారు. రాసెయ్యాలి, లేకపోతే రేపటికి వేరేలా గుర్తుంటుంది.

గేటు బార్లా తెరిచి ఉంది. ఇవాళే. గట్టు మీద కుర్చీలు వేశారు, కొబ్బరిబొండాలు కొట్టారు. వెంకటకృష్ణ గారు రాలేదు. తాతారావు గారు వచ్చారు. మా పేట వాళ్ళందరం కింద నిలబడ్డాం.

ప్రకాష్ బావ చెప్పాడు. బాగానే చెప్పాడు. కానీ మాట్లాడుతున్నకొద్దీ గొంతు పెరిగింది. "రోజూ తాళమేసే ఉంటాదండి, ఇయ్యాల మీరొత్తన్నారని తీసేరు, ఇదంతా నాటకమండి!"

"కాస్త మర్యాదగా మాట్లాడు బాబూ" అన్నారు ఆఫీసరు గారు.

తాతారావు గారు ముందుకొచ్చారు. జేబులోంచి ఫోను తీసి సన్మానం వీడియో ఆఫీసరు గారికి చూపించారు. నా గొంతు వచ్చింది. ఓ వదాన్యా. గట్టు మీద గాలిలో, చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు మధ్యలో, నా గొంతు. రేవు మార్గం దగ్గర ఆగింది. తరవాత చప్పట్లు. మా పేట వాళ్ళ చప్పట్లే.

"ఈ అమ్మాయి ఎవరు?" అన్నారు ఆఫీసరు గారు.

"ఈ పేట అమ్మాయేనండి. అదిగో, అక్కడుంది. వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు" అన్నారు తాతారావు గారు. నాన్న దగ్గరికి నడిచి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, నాకు కూడా వినిపించేలా అన్నారు: "చూసుకుని చెప్పు తాతబ్బాయ్. ఇవ్వలేదంటే అమ్మాయి అంత సభలో అబద్ధం చదివినట్టవుద్ది. కాలేజీలో మేడమ్ గారికి కూడా మాటొస్తాది. చదూకునే పిల్ల."

ఆఫీసరు గారు పిలిచారు. "తాతబ్బాయి గారూ, మీరు పెద్దవారు, మీరు చెప్పండి. దారి ఇచ్చారా, లేదా?"

నేను చెప్పాల్సింది. నాన్నా, నేను అబద్ధమే చదివాను, చెప్పెయ్ అని. నాకు ఇన్ని మాటలొచ్చు. ఒక్కటీ రాలేదు. అందరూ చూస్తున్నారు, ఫోనులో చప్పట్లు ఇంకా వస్తున్నాయి.

నాన్న నా వైపు చూశాడు. తరవాత చేతులు కట్టుకున్నాడు.

"ఇచ్చేరండి."

"మావయ్యా!" అన్నాడు ప్రకాష్ బావ.

"ఇచ్చేరండి, ఆయ్. మా అమ్మాయి సదివింది నిజవేనండి. అది అబద్ధం రాయదండి. చాలా బాగా రాత్తాదండి."

జూలై 27

గేటుకి తాళం వేశారు.

ఆగస్టు 2

నాన్న పడవ అమ్మేశాడు. నరసాపురం మనిషి వచ్చి తీసుకెళ్ళాడు. తాతారావు గారు చెరువుల మీద పని ఇప్పిస్తామన్నారు, రాత్రిళ్ళు మేత చల్లడం. నాన్న ఇంకా ఒప్పుకోలేదు. శాలువా దండెం మీద ఉంది, ఎవరూ తియ్యడం లేదు.

అత్త మా ఇంటికి రావడం మానేసింది. కుళాయి దగ్గర అమ్మ వెళితే మాటలు ఆగిపోతాయట. అమ్మ నన్నేమీ అనలేదు. అంటే బాగుండును.

మేడమ్ ఇవాళ పిలిచి, జిల్లా వక్తృత్వ పోటీకి నా పేరు పంపానన్నారు. "నీ గొంతులో ఏదో ఉందమ్మా" అన్నారు. సరేనండి అన్నాను.

ఆగస్టు 9

సాయంత్రం ప్రకాష్ బావ మా గుమ్మంలోకి వచ్చాడు. వెనకే అత్త, పేట వాళ్ళు ఇంకొందరు. ఫోను నా చేతికిచ్చాడు. అర్జీకి జవాబు వచ్చింది.

"నువ్వు సదువు."

వాడు ఇంటర్ పాసయ్యాడు. వాడికి చదవడం వచ్చు.

"నువ్వే చూసుకో బావా."

"మాకు అర్థం కాలేదే. నువ్వు సదివితే బాగుంటాది. అందరూ ఇంటారు."

అమ్మ గుమ్మం లోపలే నిలబడిపోయింది. నాన్న అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. నేను చదివాను.

"మీరు సమర్పించిన అర్జీని క్షేత్రస్థాయిలో విచారించి, స్థానికుల వాంగ్మూలం మేరకు, సమస్య సంతృప్తికరంగా పరిష్కరించడమైనది."

"గట్టిగా" అన్నాడు. "మీ అత్తకి ఇనపడలేదంట."

మళ్ళీ చదివాను. గట్టిగా, ఆగాల్సిన చోట ఆగి, ఒత్తులు పోకుండా. ఎక్కడా తడబడలేదు.